ఇంజినీరు ఉద్యోగం వదిలి డిజైన్ టీచర్ కావాలనుకుంటే

మీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్లీ చదివాను. మీకు 31 ఏళ్లు. అనంతపురంలో మెకానికల్ బీటెక్ చేసి, బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో వాహనాల విడిభాగాల కంపెనీలో ఏడేళ్లుగా క్యాడ్ పని, అంటే కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే పని, చేస్తున్నారు. పాపను చేర్పించడానికి ఒక స్కూల్ చూడబోయి, అక్కడి డిజైన్ ల్యాబ్‌లో పిల్లలు అట్టపెట్టెలతో కుర్చీలు కట్టడం చూసి, "ఈ పని నాకు చెయ్యాలని ఉంది" అనుకున్నారు. బీఎడ్ తప్పదా, జీతం ఎంత తగ్గుతుంది, పదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటాను అని మూడు ప్రశ్నలు అడిగారు. చివర్లో "త్రీడీ ప్రింటర్ నడిపేవాడిగా మిగిలిపోతానేమో" అని ఒక భయం రాశారు. నేను దానికే ఎక్కువ చోటు ఇస్తాను. మిగతా మూడింటికీ జవాబు అందులోంచే వస్తుంది.

ముందు నా సంగతి. మాది హిందూపురం దగ్గర పల్లె, మా తాత వడ్రంగి. నేనూ మెకానికల్ చదివి, బెంగళూరు పీణ్యలో ఒక టూల్‌రూమ్‌లో నాలుగేళ్లు ఫిక్స్చర్లు (పని చేసే ముక్కను కదలకుండా పట్టి ఉంచే సాధనాలు) డిజైన్ చేశాను. 2008లో ఒక స్కూల్లో చేరాను. టీచర్‌గా కాదు, ల్యాబ్ అసిస్టెంట్‌గా. రంపాలకు పదును పెట్టడం, ప్లైవుడ్ లెక్క రాయడం, పిల్లలు వెళ్లాక పొట్టు ఊడ్చడం నా పని. రెండేళ్ల తర్వాత క్లాసు ఇచ్చారు. ఇప్పుడు సర్జాపుర రోడ్డు వైపు ఒక స్కూల్లో డిజైన్ విభాగం చూసుకుంటున్నాను. కొత్త టీచర్లను తీసుకునే ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను కాబట్టి, బల్ల అవతలి వైపు ఏం చూస్తారో కూడా చెప్పగలను.

సబ్జెక్టు పుట్టుక గురించి రెండు ముక్కలు తెలిసి ఉంటే మంచిది, ఇంటర్వ్యూలో పనికొస్తుంది. ఇంగ్లండ్‌లో విడివిడిగా ఉన్న చెక్కపని, లోహపుపని, వంట, కుట్టు లాంటి వాటిని కలిపి 1990లో జాతీయ పాఠ్యప్రణాళికలో డిజైన్ అండ్ టెక్నాలజీ అనే సబ్జెక్టుగా తెచ్చారు. అంతవరకు "ఈ వస్తువు ఇలా చెయ్యి" అని నేర్పేవారు. ఆ తర్వాత "ఎవరికి ఏం ఇబ్బంది ఉందో కనుక్కో, దానికి ఏం చెయ్యాలో నువ్వే తేల్చు" అనడం మొదలైంది. మన దగ్గర చేతిపని ద్వారా చదువు అన్న ఆలోచన ఇంకా పాతది. 1937లో వార్ధాలో గాంధీజీ చెప్పిన నయీ తాలీం అదే. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ కమిటీ ఎస్‌యూపీడబ్ల్యూ (సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని) అనే పీరియడ్ తెచ్చింది. మీ అమ్మానాన్నల తరానికి అది గ్రీటింగ్ కార్డులు అంటించిన పీరియడ్‌గానే గుర్తుండి ఉంటుంది. ఆలోచన మంచిదే, కానీ చాలా చోట్ల దానికి ప్రత్యేకంగా టీచరు ఉండేవారు కాదు. ఎవరికి ఖాళీ పీరియడ్ ఉంటే వాళ్లకు అప్పజెప్పేవారు. మీరు చేరబోయే ఉద్యోగం ఆ లోటు పూడ్చడానికే ఉంది.

బెంగళూరులో ఈ ఉద్యోగాలు ఎక్కువగా ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్), కేంబ్రిడ్జ్ అనే అంతర్జాతీయ సిలబస్‌లు ఉన్న స్కూళ్లలో దొరుకుతాయి. ఐబీ మిడిల్ ఇయర్స్‌లో, అంటే సుమారు ఆరు నుంచి పదో తరగతి వరకు, డిజైన్‌కు ఏడాదికి కనీసం 50 గంటలు కేటాయించాలి. మార్కులు నాలుగు భాగాలుగా ఉంటాయి: సమస్యను శోధించడం, ఆలోచనలు పెంచడం, వస్తువు తయారుచేయడం, దాన్ని బేరీజు వేయడం. ఒక్కోదానికి 8. అంటే 32లో వస్తువు తయారీకి దక్కేది 8 మాత్రమే. ఈ అంకెను గుర్తు పెట్టుకోండి. పైతరగతుల డిప్లొమాలో డిజైన్ టెక్నాలజీకి 2025లో కొత్త సిలబస్ మొదలైంది, దాని తొలి పరీక్షలు 2027లో. కేంబ్రిడ్జ్ వాళ్ల పదో తరగతి స్థాయి పరీక్ష ఐజీసీఎస్ఈలో విద్యార్థి సొంత ప్రాజెక్టును టీచరే దిద్దుతారు, ఆ మార్కులను బోర్డు సరిచూస్తుంది. సీబీఎస్‌ఈ స్కూళ్లలో ఈ పేరుతో పోస్టు తక్కువ. స్కిల్ సబ్జెక్టుల టీచరు, రోబోటిక్స్ టీచరు, అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు చేత్తో తయారుచేసి నేర్చుకునే ల్యాబ్) ఇన్‌చార్జి అన్న పేర్లతో వెతకండి. ఆ ల్యాబులను నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టింది, ఒక్కో స్కూలుకు 20 లక్షల వరకు గ్రాంటు ఇస్తుంది. ప్రింటరు కొనేశాక దాంతో ఏం చేయించాలో తెలిసిన మనిషి లేక తాళం పడిన ల్యాబులు నేనే చూశాను. కేంద్రీయ విద్యాలయాల్లో వర్క్ ఎక్స్‌పీరియన్స్ టీచర్ పోస్టు ఉంది గానీ అది ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ చదివినవారికి.

ఇక మీ భయం దగ్గరికి వస్తాను.

నేను క్లాసు చెప్పడం మొదలుపెట్టిన రెండో ఏడాది. తొమ్మిదో తరగతి కుర్రాడు. వాళ్ల అవ్వకు కీళ్లవాతం, వేళ్లు సరిగ్గా ముడుచుకోవు, ఊరగాయ సీసా మూత తిప్పలేదు. వాడు ఆమె కోసం మూత తిప్పే సాధనం చేస్తున్నాడు. పొడవాటి చెక్క పిడి, చివర వి ఆకారంలో గాడి, గాడి లోపల పాత సైకిల్ ట్యూబు ముక్క. ఆలోచన చక్కటిది. అవ్వ చెయ్యి కొలిచి, పిడి లావు నాలుగు రకాలుగా చేసి, ఏది పట్టుకోవడం తేలికో ఆమెనే అడిగి రాసుకొచ్చాడు. కానీ గాడి వంకరగా కోశాడు, మూత జారిపోతోంది. మర్నాడే అప్పగించాలి. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక నేను దాన్ని వైస్‌లో బిగించి, మూలమట్టం పెట్టి గీతలు గీసి, గాడిని సూటిగా కోసి, నున్నగా అరగదీసి పెట్టాను. పీణ్యలో నేర్చుకున్న చెయ్యి కదా, పది నిమిషాలు పట్టలేదు. పిల్లవాడికి సాయం చేశాననుకుని ఇంటికి వెళ్లాను.

మర్నాడు అది బ్రహ్మాండంగా పట్టింది. వాడు సంతోషించలేదు. బేరీజు వేసే పేజీలో రెండే వాక్యాలు రాశాడు: "నిన్న ఇది పనిచేయలేదు. ఇవాళ ఎందుకు పనిచేస్తోందో నాకు తెలియదు."

ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. గాడి వంకరగా ఉంటే మూత ఎందుకు జారుతుంది, రబ్బరు ఏ వైపు తగులుతోంది, ఏ కోణం అయితే పట్టు బాగుంటుంది అని వాడు తనంతట తాను కనుక్కోవాల్సిన చోటు అదొక్కటే. దాన్ని నేను రాత్రికి రాత్రి చెరిపేశాను. కోఆర్డినేటర్‌కు జరిగింది చెప్పి, ముందు రోజు తీసిన ఫొటో చూసి మార్కులు వేశాం. కుర్రాడికి క్షమాపణ చెప్పాను. మా తాత నాకు చిత్రిక పట్టడం నేర్పినప్పుడు ఒక్కసారీ నా చెయ్యి పట్టుకోలేదు. పక్కన కూర్చుని చూసేవాడు. చెక్క చీలిపోతే "ఏ వైపు నుంచి పట్టినావు?" అని మాత్రం అడిగేవాడు. ఆ మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి పిల్లల వస్తువును ముట్టుకోను. ఏదైనా చూపించాలంటే వేరే చెక్కముక్క తీసుకుని దాని మీద చూపిస్తాను.

మీలాంటి, నాలాంటి ఇంజినీర్లకు ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే. మనకు తప్పు కనబడితే చెయ్యి ఆగదు. మిల్లీమీటరులో నూరో వంతు తేడా వస్తే నిద్రపట్టని అలవాటు మనది. క్యాడ్‌లో మీకున్న నేర్పు స్కూలుకు పనికొస్తుంది, కాదనను. కానీ ఆ నేర్పునే ముందుపెట్టుకుని వెళ్తే, మీరు భయపడుతున్నట్టే, ప్రింటర్ పాడైనప్పుడు పిలిచే మనిషిగా మిగిలిపోతారు. పన్నెండేళ్ల పిల్ల ఖాళీ కాగితం ముందు కూర్చుని ఏడుపు ముఖం పెడితే ఏం అడగాలో తెలిసినవాళ్లే ఈ వృత్తిలో పైకి వెళ్తారు. నేను చూసినంతలో దీనికి మినహాయింపు లేదు.

ఇంటర్వ్యూలో చూసేదీ ఇదే. డెమో క్లాసుకు సాధారణంగా 30, 40 నిమిషాలు ఇస్తారు. ఒకసారి ఇద్దరు వచ్చారు, ఇద్దరూ ఇంజినీర్లే. ఒకాయన ఏడో తరగతికి గేర్‌బాక్స్ అసెంబ్లీని తెర మీద తిప్పి చూపించారు. చాలా అందంగా ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు, కానీ నలభై నిమిషాల్లో ఒక్కరూ పెన్సిల్ పట్టుకోలేదు. రెండో ఆవిడ సంచిలో పాత దినపత్రికలు, ఒక టేపు చుట్ట, ఒక కొబ్బరికాయ తెచ్చింది. జట్టుకు నాలుగు కాగితాలు, ఒక అడుగు ఎత్తులో కొబ్బరికాయ నిలబడాలి అంది. మొదటి రెండు జట్ల కట్టడాలు కూలిపోయాయి. ఆవిడ "ముందు ఎక్కడ వంగింది? ఎవరైనా చూశారా?" అని అడిగి ఊరుకుంది. మూడో జట్టు కాగితాన్ని గొట్టాలుగా చుట్టింది. ఆవిడను తీసుకున్నాం. ఆవిడకు అప్పటికి ఏ క్యాడ్ సాఫ్ట్‌వేరూ సరిగ్గా రాదు, ఆరు నెలల్లో నేర్చుకుంది.

బీఎడ్ సంగతి. ఐబీ, కేంబ్రిడ్జ్ స్కూళ్లలో కొన్ని బీఎడ్ లేకుండా తీసుకుని, చేరాక చేసుకోమంటాయి. సీబీఎస్‌ఈలో మాత్రం రెగ్యులర్ టీచరుగా నిలబడాలంటే అది కావాలి. రేపు హెచ్‌ఓడీ (విభాగం అధిపతి), ప్రిన్సిపాల్ అంటే ఎక్కడైనా అడుగుతారు. నా సలహా, ఎప్పటికైనా చెయ్యండి. బీటెక్‌లో 55 శాతం ఉంటే ఇంజినీర్లకు బీఎడ్‌లో ప్రవేశం ఉంది. 2015 నుంచి అది రెండేళ్ల కోర్సు. మనలో చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఇగ్నో దూరవిద్య బీఎడ్‌లో ఎవరైనా చేరొచ్చనుకుంటారు. అది అప్పటికే టీచరు శిక్షణ పొందినవారికి మాత్రమే. కంపెనీ ఉద్యోగంలో ఉంటూ దాంట్లో చేరడం కుదరదు. అలాగే బీఎడ్‌లో డిజైన్ అనే మెథడ్ (ఎంచుకునే బోధనా సబ్జెక్టు) ఉండదు. మీకు మ్యాథ్స్ గానీ ఫిజికల్ సైన్స్ గానీ వస్తుంది. అది నష్టం కాదు. చిన్న స్కూల్లో డిజైన్ పీరియడ్లు ఒక మనిషికి సరిపడా ఉండవు, అప్పుడు ఏడో తరగతి ఫిజిక్స్ కూడా మీకిస్తారు, పోస్టు నిలుస్తుంది. ఐబీ వాళ్లు టీచర్లకు పెట్టే మొదటి స్థాయి శిక్షణ వర్క్‌షాపుకు మీ డబ్బులు పెట్టకండి. చేరాక స్కూలే పంపుతుంది.

ఎండిజైన్ (డిజైన్‌లో పీజీ) చెయ్యాలా అన్న ఆలోచన కూడా మీకు రావచ్చు. ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఇక్కడే ఐఐఎస్‌సీలో గానీ, మన హైదరాబాద్ ఐఐటీలో గానీ చేరొచ్చు. చదువుగా చాలా మంచిది. కానీ టీచరు కావడానికి అది అవసరం లేదు, ఎల్‌కేజీ పాప ఉన్న ఇంట్లో రెండేళ్లు జీతం లేకుండా ఉండాల్సినంత అవసరం అసలు లేదు.

జీతం తగ్గుతుంది, గట్టిగానే తగ్గుతుంది. స్కూలుకూ స్కూలుకూ ఎంత తేడా ఉంటుందంటే, నేను ఒక అంకె చెప్తే మిమ్మల్ని తప్పుదారి పట్టించినట్టవుతుంది. నా విషయంలో పీణ్య జీతం సగమైంది, మళ్లీ అక్కడికి చేరడానికి ఐదేళ్లు పట్టింది. ఆ ఐదేళ్లు ఇంట్లో టెన్షన్ ఉండేది, మా ఆయన ఉద్యోగం మీదే బండి నడిచింది. అందుకని ఇంట్లో ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి. ఇంటి లోన్, ఊళ్లో పెద్దవాళ్లకు పంపేది, అన్నీ. చాలా స్కూళ్లు టీచర్ల పిల్లలకు ఫీజు రాయితీ ఇస్తాయి. బెంగళూరు ఫీజుల్లో అది చిన్న మొత్తం కాదు. ఎంత శాతం, మొదటి ఏడాది నుంచేనా, రెండో బిడ్డకూ ఉంటుందా అన్నది ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. నోటిమాట నమ్మి ఇబ్బంది పడినవాళ్లు నాకు తెలుసు.

పదేళ్ల తర్వాత ఎక్కడుంటారు? మొదటి మూడేళ్లు క్లాసే. ఆ తర్వాత ఐబీ స్కూల్ అయితే పదో తరగతి పిల్లలు ఒక్కొక్కరు సొంతంగా చేసే పర్సనల్ ప్రాజెక్టు చూసే బాధ్యత సహజంగా డిజైన్ టీచరు దగ్గరికి వస్తుంది. దాన్ని వదులుకోకండి. మొత్తం బ్యాచ్‌ను, వాళ్ల తల్లిదండ్రులను, మిగతా టీచర్లను కలుపుకుని పోవడం అక్కడే వస్తుంది. ఆరేడేళ్లకు విభాగం అధిపతి. అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఒకటి కోఆర్డినేటర్, వైస్ ప్రిన్సిపాల్, ప్రిన్సిపాల్. జీతం పెరుగుతుంది, కానీ చేతికి రంపపుపొట్టు అంటడం మానేస్తుంది. రెండోది పరీక్ష బోర్డులకు దిద్దడం, మార్కులు సరిచూడడం, కొత్త టీచర్లకు శిక్షణ, పాఠ్యాంశాలు తయారుచేయడం. గల్ఫ్, సింగపూర్ స్కూళ్లకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. బోధన లోతుల్లోకి వెళ్లాలనిపిస్తే ఇక్కడే అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఎంఏ ఎడ్యుకేషన్ ఉంది. నాకు ఒకసారి కోఆర్డినేటర్ పోస్టు ఇస్తామన్నారు, వద్దన్నాను. వర్క్‌షాపు వదలడం నావల్ల కాలేదు. మీరూ అదే చెయ్యాలని చెప్పడం లేదు, మీ ఇంటి అవసరాలు వేరు.

పనిలో బయటికి కనబడని భాగం కూడా చెప్పాలి. శనివారాలు ఎస్పీ రోడ్డులో మోటార్లు, ఎల్ఈడీలు, మైసూరు రోడ్డు టింబర్ యార్డులో చెక్క. ప్రతిదానికీ జీఎస్టీ బిల్లు కావాలి, లేకపోతే స్కూల్ అకౌంట్స్ వాళ్లు డబ్బులివ్వరు. అన్నిటికీ మించి భద్రత. 24 మంది పిల్లలు, నాలుగు మెషీన్లు, మీరొక్కరు. పిల్లర్ డ్రిల్ (నిలువుగా రంధ్రాలు వేసే మెషీన్) దగ్గర గ్లౌజులు వేసుకోనివ్వకూడదు. తిరిగే బిట్టు గ్లౌజును లాగితే దాంతోపాటు చెయ్యీ పోతుంది. జుట్టు ముడి, చున్నీ తీసి పక్కన పెట్టడం, కళ్లజోడు, ఇవి లేకుండా మెషీన్ ఆన్ కాకూడదు. లేజర్ కట్టర్‌లో పీవీసీ ఎప్పుడూ పెట్టకూడదు, మాడినప్పుడు వచ్చే ఆమ్లపు పొగ ఊపిరితిత్తులకూ మెషీన్‌కూ హాని. స్టేషనరీ షాపుల్లో సన్‌బోర్డ్ పేరుతో అమ్మేవాటిలో చాలా రకాలు పీవీసీయే. రెక్సిన్ కూడా అంతే. పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన షీటు ఏదో తేలేవరకు నేను లోపల పెట్టనివ్వను. ఎవరెంత బతిమాలినా సరే, మర్నాడు ఎగ్జిబిషన్ అయినా సరే. ఇంటర్వ్యూలో ఈ విషయాలు మీ అంతట మీరు ఎత్తితే ప్యానెల్ మీ వైపు నిటారుగా కూర్చుని చూస్తుంది.

మెషీన్లు లేకుండా కూడా ఈ సబ్జెక్టు బాగా చెప్పొచ్చు, ఆ మాటా చెప్పనివ్వండి. ఏటా ఎనిమిదో తరగతిని చన్నపట్నం తీసుకెళ్తాను. ఇక్కడి నుంచి 60 కిలోమీటర్లు. అక్కడ లక్క బొమ్మలు చేస్తారు. తరిమెన (లేత్) మీద తిరుగుతున్న కొయ్యకు లక్క కడ్డీని ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కొయ్యకు పట్టుకుంటుంది, ఆపైన మొగలి ఆకుతో నిగ్గు తేలుస్తారు. వాళ్లు ఆలె మర అనేది మన ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రే. ఆ మాట చెప్పగానే మా తెలుగు పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. ఘర్షణ గురించి ఫిజిక్స్ పుస్తకంలో చదివి మరిచిపోయిన పిల్లలు, ఆ లక్క కరగడం చూశాక మరిచిపోరు. ఊళ్లోనే అయితే కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియం ఉంది. మీరు కూడా పాపను తీసుకుని ఒక ఆదివారం వెళ్లండి. మెషీన్ల కన్నా, వాటి ముందు పిల్లలు ఎక్కడ ఆగుతున్నారో, ఏది చూడకుండా దాటేస్తున్నారో చూడండి.

ఇప్పుడే రాజీనామా చెయ్యకండి. ముందు మీ అపార్ట్‌మెంట్‌లో ఐదారుగురు పిల్లలతో ఆరు ఆదివారాలు నడపండి. అట్ట, దారం, కత్తెర చాలు. ప్రతివారం ఏం అనుకున్నారు, ఏం జరిగింది, ఏ పిల్ల ఎక్కడ ఆగిపోయింది అని రాసుకోండి. పిల్లల ముఖాలు రాకుండా, విఫలమైన నమూనాలతో సహా ఫొటోలు తీయండి. అటల్ ల్యాబులకు మెంటర్ ఆఫ్ చేంజ్ అనే వాలంటీర్ పథకం ఉంది, దాని ద్వారా ఒక ప్రభుత్వ బడికి వెళ్లగలిగితే ఇంకా మంచిది. ఇంటర్వ్యూకు మీ క్యాడ్ డ్రాయింగుల ఫైలు కన్నా ఆ ఆరు వారాల నోట్సు పట్టుకెళ్లండి. నేనైతే ముందు దాన్నే చదువుతాను.

ఆరు ఆదివారాల తర్వాత కూడా ఏడో ఆదివారం కోసం ఎదురుచూస్తున్నారా అన్నది మీకే తెలుస్తుంది. తెలిశాక తేదీలు చూసుకోండి. ఇక్కడ స్టేట్, సీబీఎస్‌ఈ స్కూళ్లు జూన్ అటూ ఇటూ తెరుస్తారు, ఇంటర్నేషనల్ స్కూళ్లలో ఎక్కువ భాగం ఆగస్టులో. నియామకాలు డిసెంబరు నుంచి మార్చి మధ్య జోరుగా ఉంటాయి. మీ నోటీసు పీరియడ్ మూడు నెలలు అన్నారు కాబట్టి, ఆఫర్ లెటర్ చేతికి వచ్చాక మార్చిలో రాజీనామా ఇస్తే సరిపోతుంది. డెమో క్లాసుకు ఏం చెయ్యాలనుకుంటున్నారో ముందు ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.